కొండముచ్చును దిద్దుకోవడానికి కెనడా దాకా

కెనడా వెళ్లొచ్చానని తెలియగానే అందరూ అడిగేది ఒకటే, నయాగరా చూశారా అని. చూడలేదు. మంచూ చూడలేదు, మే నెలలో వెళ్లాను కాబట్టి. నేను వెళ్లింది ఒక సంతకం కోసం.

నేను మదనపల్లెలో డిగ్రీ పిల్లలకు ఇంగ్లీషు చెబుతాను. విండ్సర్ అనే ఊళ్లో ఉండే డొరతీ అనే ప్రొఫెసరమ్మ కెన్యా గడ్డిమైదానాల్లో ముప్పై ఏళ్లు ఒక బబూన్ల గుంపు వెంట తిరిగింది. వాటి సంసారాలు, స్నేహాలు, తగాదాలు అన్నీ నాలుగు వందల పేజీల పుస్తకంగా రాసింది. దాన్ని నాలుగేళ్లు కూర్చుని తెలుగు చేశాను. బబూన్ అంటే తెలుగులో ఏమిటని మా ఇంట్లోని పాత నిఘంటువు తీస్తే కొండముచ్చు అని ఉంది. పెద్దలు రాసిన మాట, కాదనడానికి నేనెవరిని? మొదటి పేజీ నుంచి ఆఖరు పేజీ దాకా కొండముచ్చు అనే రాశాను. ఫోటోల్లో వాటి మూతి కుక్క మూతిలా పొడుగ్గా కనిపించింది గానీ, ఆఫ్రికా కొండముచ్చులు అలా ఉంటాయి కాబోలని సరిపెట్టుకున్నాను. ఈ కథనంలో కూడా విండ్సర్ చేరేదాకా కొండముచ్చు అనే రాస్తాను. నేను పడ్డ గోతిలో పాఠకులు కూడా కాసేపు ఉండాలి కదా.

డొరతీ గారు ఒప్పుకుంటే తప్ప పుస్తకం అచ్చు కాదు. అంతకుముందు వేరే భాషలో ఎవరో దాన్ని కోతుల హాస్యంగా మార్చి, అట్ట మీద టోపీ పెట్టుకున్న కోతిని వేశారట. అప్పటి నుంచి ఆవిడకు అనువాదకులంటే పడదు. "నా ఎదురుగా కూర్చుని మీ భాషలో చదవండి. అదేమిటో నాకు చెప్పండి. నచ్చితే సంతకం పెడతాను, లేకపోతే లేదు" అని ఉత్తరం రాసింది. హైదరాబాదు ప్రచురణకర్తేమో జూన్ దాటితే తన వల్ల కాదన్నాడు. వేసవి సెలవులివ్వగానే రాతప్రతి సంచిలో పెట్టుకుని బయల్దేరాను.

విమానంలోనూ, దిగాకా

ఆ రోజుల్లో కెనడా విమానాలు కాలేజీ బస్సుల్లాగా ఉండేవి. శంషాబాదులో మే నెల ఎండకు ఒళ్లు కాలిపోతుంటే, అక్కడ చదువుకోబోయే పిల్లలంతా మోకాళ్ల దాకా వచ్చే చలికోట్లు తొడుక్కుని చెమటలు కక్కుతూ వరుసలో నిలబడ్డారు. కోటు ఒంటి మీద ఉంటే సామాను తూకంలోకి రాదు. ఆ మిగిలిన తూకంలో ఆవకాయ పడుతుంది.

నా పక్క సీటు అబ్బాయి "మీరు ఏ కాలేజీ ఆంటీ?" అని మర్యాదగా అడిగాడు. ఈ వయసులో చదువుకోబోతున్నానని అనుకున్నందుకు వాణ్ని ఇప్పటికీ అభిమానిస్తాను.

టొరంటోలో దిగాక అధికారి ఎందుకొచ్చారని అడిగాడు. అలసట మీద ఉన్నాను, నోటికి వచ్చింది చెప్పేశాను. "బబూన్ల కోసం."

"ఎక్కడున్నాయవి?"

"విండ్సర్‌లో. ఒకావిడ ఇంట్లో."

అతను పెన్ను కింద పెట్టాడు. ఆ ఇంట్లో ఉన్నది పుస్తకం మాత్రమేనని నమ్మించడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ప్రతిలో నాలుగు పేజీలు తిరగేశాడు. తెలుగు అక్షరాల గుండ్రాలు చూసి ముచ్చటపడ్డాడు. గోంగూర సీసా చూసి మాత్రం ముచ్చటపడలేదు, మూత వాసన చూసి గబగబా వెనక్కిచ్చేశాడు.

బ్రాంప్టన్: నేల కింద ఐదుగురు

నా పాత విద్యార్థిని శిరీష బ్రాంప్టన్‌లో మరో నలుగురు అమ్మాయిలతో కలిసి ఒక బేస్‌మెంటులో ఉంటుంది. పైన ఇంటివాళ్ల నడక, కింద వీళ్ల కాపురం. కిటికీలోంచి మనుషుల మొహాలు కనబడవు, చెప్పులు కనబడతాయి. కరివేపాకు చిన్న పొట్లం రెండు డాలర్లు. మా పెరట్లో చెట్టును కొమ్మలు నరికించి పారేసిన పాపం గుర్తొచ్చింది.

శనివారం పొద్దున ఎవరికీ షిఫ్టు లేదు. ఐదుగురూ వరుసగా ఒకరి వెనక ఒకరు కూర్చుని తలకు కొబ్బరినూనె అంటుకోవడం మొదలుపెట్టారు. నేను కాఫీ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. నా పుస్తకం నాలుగో అధ్యాయం కళ్లముందు కూర్చుని ఉంది.

కొండముచ్చుల గుంపులో ఆడవి పుట్టిన చోటే ఉండిపోతాయి. తల్లి హోదా కూతురికి వస్తుంది, అందులోనూ చిన్న కూతురు అక్కలకన్నా పైన. ఏది ఎవరి ఒళ్లు దువ్వాలి, ఎవరు లేస్తే ఎవరు జరగాలి, అన్నీ ఆ హోదాను బట్టే. కింది వాళ్లు పైవాళ్లకు చేసే సేవే ఎక్కువ. ఇక్కడ తల్లుల లెక్క లేదు, ఇన్‌టేకుల లెక్క ఉంది, అంటే కాలేజీలో ఏ నెల బ్యాచిలో చేరారనేది. ముందటేడు జనవరిలో వచ్చిన శిరీష వరుసలో అందరికన్నా ముందు కూర్చుంది. ఆమె తలకు నూనె అంటుతున్నారు, ఆమె ఎవరికీ అంటడం లేదు. కిటికీ పక్క మంచం కూడా ఆమెదే. అందరికన్నా వెనక నాలుగు రోజుల కింద దిగిన పీలేరు పిల్ల. రాత్రిళ్లు గుయ్యిమనే హీటరు గది పక్కన పరుపు ఆమెది. ఆ పిల్ల ముందున్నామెకు అంటుతోంది, ఆమె తల అంటేవాళ్లు మాత్రం లేరు.

గ్లాసు పక్కన పెట్టి వెళ్లి ఆ పిల్ల వెనక కూర్చున్నాను.

"అయ్యో మేడం, మీరు ముందుకు రండి, మీకు నేను అంటుతా" అని శిరీష గోల పెట్టింది.

"నేను మే ఇన్‌టేకు. నా చోటు ఇదే" అన్నాను.

పీలేరు పిల్ల జడ విప్పి నాకు తల ఇచ్చింది. తర్వాత మెల్లగా "మీ చేతులు మా అమ్మ చేతుల మాదిరే మొరటుగా ఉండాయి మేడం" అంది. అందరూ నవ్వారు, ఆ పిల్లా నవ్వింది. ముక్కు మాత్రం రెండుసార్లు ఎగబీల్చింది. నేను చేతిలో ఇంకొంచెం నూనె పోసుకున్నాను.

సార్నియా: పొగ అలారం

ఆ మధ్యాహ్నం శిరీష స్నేహితుడు మహేశ్ కారు తీసుకొచ్చాడు. జగిత్యాల దగ్గరి పల్లె వాడు, సార్నియాలో చదువు చివరికొచ్చింది, ఇరవై ఆరేళ్లు. సరుకుల కోసం బ్రాంప్టన్ వచ్చినవాడు, విండ్సర్ తమ ఊరికి దగ్గరే, దింపుతానని నన్నూ సరుకులతో పాటు ఎక్కించుకున్నాడు. దారిలో వాడికి రెండే దిగుళ్లు. ఒకటి కారు చప్పుడు, రెండోది పీఆర్. పీఆర్ అంటే ఇక్కడే స్థిరంగా ఉండనిచ్చే హక్కు. దానికి పాయింట్లు ఉంటాయి, వయసుకిన్ని, చదువుకిన్ని, ఇంగ్లీషు పరీక్షకిన్ని. "ఏడు పాయింట్లు తక్కువున్నయి మేడం. నేను ఒక్క మెట్టు ఎక్కితె గా కటాఫు రెండు మెట్లు ఎక్కుతది" అన్నాడు.

సార్నియాలో నది నీలంగా ఉంది, ఫ్యాక్టరీ గొట్టాలు ఆకాశం దాకా ఉన్నాయి, బస్సు మాత్రం ఎప్పుడో ఒకటి. మహేశ్ ఉండే ఇంట్లో ఆరుగురు కుర్రాళ్లు. నాకోసం బియ్యప్పిండితో సర్వపిండి చేస్తామని నూనె కాచారు. నాలుగో నిమిషంలో ఇంటి కప్పు మీది పొగ అలారం కూసింది.

మా పుస్తకంలో చిరుతను చూసిన మగ కొండముచ్చు "వహూ" అని అరుస్తుంది, ఆ ఒక్క కేకతో గుంపులో దేని పని అది ఎత్తుకుంటుంది. ఇక్కడా అంతే. ఒకడు తువ్వాలుతో పొగను విసిరాడు, ఒకడు తలుపు తీశాడు, ఒకడు స్టవ్వు ఆపాడు, ఒకడు కుర్చీ ఎక్కి అలారాన్ని బతిమాలాడు. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదు. పక్కింటి ముసలాయన కంచె మీంచి చూస్తే ఆరుగురూ ఒకేసారి "సారీ" అన్నారు. ఆయన కూడా "సారీ" అన్నాడు. ఆ దేశంలో సారీకి తప్పుతో సంబంధం లేదు. కొండముచ్చులు దగ్గరికొచ్చేటప్పుడు గొంతులో మెల్లగా గురగురమంటాయి, నీకేమీ చేయను, భయపడకు అని. సారీ అదే.

సర్వపిండి ఒక పక్క మాడింది. బాగుంది.

సార్నియా: బిడ్డనెత్తుకున్న మగవాడు

ఆదివారం ఊళ్లో ఒక తెలుగు ఇంజనీరు ఇంట్లో పాట్‌లక్. అంటే పిలిచినవాళ్లు ఇల్లు ఇస్తారు, వచ్చినవాళ్లు కూరలు తెస్తారు. మనింట్లో ఇలా చేస్తే పిలిచిన వాళ్ల పరువు మూడు తరాలు పోతుంది. అక్కడ గిన్నె మూత మీద పేరు రాసిన కాగితం అంటిస్తారు, పరువు కన్నా గిన్నె పోకూడదని.

మహేశ్ లోపలికి రాగానే చెప్పులు విడిచి, ఇంటివాళ్ల తొమ్మిది నెలల పాపను ఎత్తుకున్నాడు. అంతే, మూడు గంటలు దింపలేదు. పాపను ఎత్తుకునే తిన్నాడు, పాపను ఎత్తుకునే అందరి దగ్గరికీ వెళ్లాడు. ఆడవాళ్లు వాడి పళ్లెంలో అడక్కుండానే గారెలు వేశారు.

"పిల్లలంటే అంత ఇష్టమా?" అని అడిగాను.

వాడు చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "ఇష్టమే మేడం. గని అసలు సంగతి వేరే. చేతుల పాప ఉంటె ఎవ్వలు గూడ పీఆర్ ఎప్పుడొస్తదని అడుగరు."

నేను పళ్లెం పక్కన పెట్టి గట్టిగా నవ్వాను. ఆరో అధ్యాయం! మగ కొండముచ్చులు ఈడు రాగానే పుట్టిన గుంపు విడిచి ఒంటరిగా వేరే గుంపు వెతుక్కుంటాయి. వెళ్లగానే దెబ్బలాడవు. వారాల తరబడి అంచున కూర్చుంటాయి. ఒక ఆడదానితో మెల్లగా స్నేహం చేసుకుంటాయి. పెద్ద మగది మీదికొస్తుందనిపిస్తే ఒక పిల్లను రొమ్ముకు హత్తుకుంటాయి, పిల్ల చేతిలో ఉన్నవాడి మీదికి ఎవరూ రారు. ఇదంతా చెబితే మహేశ్ నొచ్చుకుంటాడేమోనని ఒక క్షణం భయపడ్డాను. వాడు శ్రద్ధగా విని, "మరి వాటిని ఎన్ని దినాలల్ల ఒప్పుకుంటరు మేడం?" అని అడిగాడు.

విండ్సర్, మొదటి రోజు

సోమవారం విండ్సర్ చేరాం. నది అవతల అమెరికా మేడలు చేయి చాస్తే అందేలా ఉన్నాయి. డొరతీ గారికి డెబ్బై ఎనిమిదేళ్లు, ఒంటరి మనిషి. నడుము దాకా తెల్లటి జుట్టు, చిక్కులు పడి ఉంది. కుడి మణికట్టుకు పట్టీ, చలికాలం మంచు మీద జారిందట. టీ ఇచ్చి, నా ప్రతి నా చేతిలోంచి తీసి మహేశ్ చేతిలో పెట్టింది.

"మీరు చదివితే మీ తప్పు మీకు కనబడదు. ఈ అబ్బాయి చదివి నాకు ఇంగ్లీషులో చెబుతాడు" అంది.

పరీక్ష పేపరు పక్కవాడి చేత దిద్దించడం నేను ముప్పై ఏళ్లుగా చేస్తున్న పనే. నా మీదికి వచ్చేదాకా అదెంత దుర్మార్గమో తెలియలేదు.

మహేశ్ మొదటి వాక్యం చదివి ఆగాడు. "మేడం, కొండముచ్చా? అంటే మా దిక్కు కొండెంగనే గద?"

"చెప్పు, చెప్పు" అంది డొరతీ గారు.

వాడు అబద్ధం చెప్పలేని రకం. ఇంగ్లీషులో పూస గుచ్చినట్టు చెప్పాడు. నల్ల మొహం, పొడుగు తోక, బూడిద రంగు ఒళ్లు. వాళ్ల ఊళ్లో కోతులు ఎక్కువైతే పంచాయతీ ఆఫీసు మీద ఒకదాన్ని కట్టేసి ఉంచేవారు, దాన్ని చూస్తే కోతులు పారిపోయేవి. "మంచిది మేడం, ఆకులు బాగా తింటది" అని నాకోసం తెలుగులో కలిపాడు.

ఆవిడ టీ కప్పు కింద పెట్టింది. "అది లంగూరు. ఆసియా జంతువు, చెట్ల మీద బతికేది. నా బబూన్లు నేల మీద నడుస్తాయి. నాలుగు వందల పేజీలూ ఇదేనా?"

నిఘంటువు పేరు చెప్పబోయి మానుకున్నాను. చచ్చిన పెద్దల మీద నేరం తోసి బతకడం నాకు చేతకాదు.

మహేశ్ పరిస్థితి చక్కబెట్టాలని ఇంకో పేజీ తిప్పాడు. దురదృష్టం, అది నాలుగో అధ్యాయం. "ఇక్కడ అవి ఒకదాని తలల ఒకటి పేలు చూసుకుంటున్నయి" అని అనువదించాడు.

"పేలా!" ఆవిడ లేచి నిలబడింది. "అది పేల కోసం కాదు, స్నేహం కోసం అని చెప్పడానికే నా జీవితమంతా పోయింది. ఈవిడ మళ్లీ పేలు తెచ్చి పెట్టింది!"

తర్వాత చాలా మర్యాదగా మూడుసార్లు సారీ చెప్పి తలుపు తీసింది. ఈ సారీ గురగుర కాదు. నాలుగేళ్ల పని ఆవిడ బల్ల మీదే మర్చిపోయి వచ్చేశాను. కార్లో మహేశ్ ఏడుపు మొహంతో "నా నోరు పడిపోను" అన్నాడు. తప్పు వాడిది కాదు, నాది. ఆ మాట వాడితో అన్నాను, కానీ మెత్తగా అనలేకపోయాను.

విండ్సర్, రెండో రోజు

మర్నాడు పొద్దున ప్రతి తెచ్చుకోవడానికి వెళ్లాం. ఆవిడ వాకిలి మెట్ల మీద ఎండలో కూర్చుని, ఎడమ చేత్తో తల దువ్వుకోలేక దువ్వెనను తిడుతోంది. లోపల బల్ల మీద ఉంది తీసుకోండి అంది.

నేను లోపలికి వెళ్లలేదు. మా ఇంట్లో జుట్టు చిక్కుపడిన మనిషిని అలా చూస్తూ దాటిపోవడం లేదు. పై మెట్టు మీద కూర్చుని "ఇలా ఇవ్వండి" అని దువ్వెన తీసుకున్నాను.

ఆవిడ బిగుసుకుంది. "నాకు పేలు లేవు."

"ఎవరికీ లేవండి. మా అమ్మ నాకు నలభై ఏళ్లొచ్చేదాకా పేలు చూసింది. ఒక్కటీ దొరకలేదు."

"మరి అంతసేపు ఏం చేసేది?"

"మా మేనత్తల్ని తిట్టేది."

ఆవిడ భుజాలు కదిలాయి. నవ్వుతోందని కాసేపటికి గాని తెలియలేదు. "ఐదో అధ్యాయం. కూటములు" అంది. నేను చిక్కులు తీస్తూ చెబుతూ పోయాను. తెలుగులో పేలు చూడడం అంటే పేలు కావాలని లేదు. ఎవరి మీద కోపం ఉంటే వాళ్లు తల ఇవ్వరు. తల ఇచ్చారంటే కలిసిపోయినట్టే. బ్రాంప్టన్‌లో పీలేరు పిల్ల వెనక కూర్చున్న సంగతి కూడా చెప్పాను. ఆవిడ వింటూ నా వైపు జరిగింది. తల మెల్లగా నా మోకాలి మీదికి వాలింది. గొంతులోంచి సన్నగా గురగుర వచ్చింది. ఆ శబ్దానికి తెలుగు మాట కోసం నేను పోయినేడు నెల రోజులు కొట్టుకున్నాను.

చాలాసేపటికి ఆవిడ అంది: "ముప్పై ఏళ్లు ఆ వరుస పక్కన నోటుబుక్కు పట్టుకుని కూర్చున్నాను. నన్నెవరూ వరుసలో కూర్చోబెట్టలేదు."

నేను జడ అల్లడం ఆపలేదు. ఆపితే ఇద్దరం ఏడ్చేవాళ్లం.

"పేలు ఉండనివ్వండి" అంది చివరికి. "కొండముచ్చును మాత్రం తీసేయండి. వాటికి మీ భాషలో పేరు లేదా?"

లేదు. మన అడవుల్లో లేని జంతువుకు మన దగ్గర పేరెక్కడిది? నోరు తెరిచేలోపు కింది మెట్టు మీది మహేశ్ అందుకున్నాడు. "మేడం, బస్సుకు తెలుగుల ఏమంటం? బస్సే. కారు, రోడ్డు, టిక్కెట్టు, అన్ని గట్లనే గద. చివరికి ఒక ఉ తగిలిస్తె మనదైపాయె. బబూను అనుండ్రి."

వాడే ఆవిడకు ఇంగ్లీషులో విడమరిచి చెప్పాడు. ఆవిడకు నమ్మకం కుదరలేదు. "అంతేనా? ఒక భాషలోకి రావడానికి ఇంకేమీ అక్కర్లేదా?"

"పాయింట్లు లేవు, పరీక్ష లేదు, వెయిటింగ్ లేదు. ఒక్క ఉకారం. తెలుగు పీఆర్ గింత సులువు" అన్నాడు మహేశ్.

"బ-బూ-ను" అంది డొరతీ గారు. పెదవులు ముందుకు చాపి మళ్లీ అంది. అలా అన్నప్పుడు ఆవిడ మొహం కొంచెం వాటిలాగే ఉంది, అది ఆవిడకూ తెలిసినట్టే ఉంది. పట్టీ ఉన్న కుడి చేత్తో వంకర టింకరగా సంతకం పెట్టింది. గోంగూర సీసా ఇచ్చి వచ్చాను. సీసాలోంచే చెంచాతో తిన్నానని తర్వాత ఉత్తరం రాసింది.

మళ్లీ మదనపల్లె

ఇంటికి వచ్చాక కంప్యూటరులో ఒక్క మీట నొక్కితే కొండముచ్చులన్నీ బబూనులైపోయాయి. చివర్లో కృతజ్ఞతల పేజీ రాసుకున్నాను, మహేశ్‌కు, అలాగే నా తప్పు బయటపెట్టిన వాళ్ల ఊరి పంచాయతీ ఆఫీసు కొండముచ్చుకు. అచ్చుకు పంపే ముందు ఎక్కడైనా ఒకటి మిగిలిందేమోనని అనుమానం వచ్చి మళ్లీ ఒకసారి మీట నొక్కాను. ఆ అనుమానమే కొంప ముంచింది.

పుస్తకం చేరిన రోజు మహేశ్ ఫోను చేశాడు. "మేడం, జగిత్యాల దగ్గర పంచాయతీ ఆఫీసు మీద బబూను ఉండెనని రాసిండ్రు."

కృతజ్ఞతల పేజీ తీసి చూశాను, నిజమే. రెండో ముద్రణలో తప్పకుండా దిద్దుతానన్నాను. సారీ కూడా చెప్పాను, కెనడాలో చెప్పినన్నిసార్లు.

"వద్దు మేడం, గట్లనే ఉండనియ్యుండ్రి" అన్నాడు. వెనక ఎక్కడో వాడి కారు చప్పుడు చేస్తోంది. "నాకింక ఏడు పాయింట్లు తక్కువనే ఉన్నయి. దానికైన పీఆర్ వచ్చింది గద."